క్వేజార్ల సాక్షిగా భూమికి కొలతలు: ఐవీఎస్ సేవపై ఒక వినియోగదారుడి సమీక్ష

భూమి ఈ క్షణాన తన అక్షం చుట్టూ ఎంత కోణం తిరిగి ఉన్నదో సెకనులో లక్షో వంతు వరకు, మరే పద్ధతి దగ్గరా అరువు తెచ్చుకోకుండా చెప్పగల విద్య ఒక్కటే ఉంది. దాని పేరు అతిదీర్ఘ ఆధారరేఖ రేడియో వ్యతికరణమాపనం, వాడుకలో వీఎల్‌బీఐ. ఈ విద్యను అప్పుడప్పుడూ జరిగే ప్రయోగంగా వదిలేయకుండా, వారం వారం క్రమం తప్పక నడిచే సేవగా నిలబెట్టినది భూమాపనానికీ ఖగోళమితికీ సంబంధించిన అంతర్జాతీయ వీఎల్‌బీఐ సేవ, అంటే ఐవీఎస్. అంతర్జాతీయ భూమాపనశాస్త్ర సంఘం కింద 1999 మార్చి 1న ఇది పని మొదలుపెట్టింది. ఆ తరువాత అంతర్జాతీయ ఖగోళ సంఘం కూడా దీనిని తన సేవగా గుర్తించింది. ఈ సేవ బయటికి ఇచ్చే ఫైళ్లను కొన్నేళ్లుగా దించుకొని నా లెక్కల్లో వాడుతున్నాను కనుక ఈ సమీక్ష రాస్తున్నాను. ఏ యాంటెన్నా దగ్గరా నేను కొలువు చేయలేదు. వంటగదిలోకి తొంగి చూసినవాణ్ణి కాదు, వడ్డించినది తిన్నవాణ్ణి మాత్రమే. నా మెచ్చుకోళ్లనూ అభ్యంతరాలనూ ఆ మేరకే తీసుకోవాలి.

ముందుగా సరుకు ఏమిటో చెప్పాలి. ఈ సేవ మూడు రకాల వస్తువులను ఇస్తుంది. మొదటిది భూభ్రమణ రాశులు: భూమి తిరిగిన కోణాన్ని కాలంగా చెప్పే యూటీ1, భూమి ఒంటిపై ధ్రువం ఎక్కడ ఉన్నదో చెప్పే ధ్రువచలనం, ఆకాశంలో అక్షం ఏ దిక్కుకు చూస్తున్నదో చెప్పే ఖగోళ ధ్రువ సవరణలు. రెండవది ఆకాశానికి సంబంధించిన పట్టిక, అంటే వేల క్వేజార్ల (అతి దూరపు గెలాక్సీల నడిబొడ్డున ఉండి రేడియో తరంగాలు వెదజల్లే వస్తువుల) స్థానాలు. మూడవది భూమి మీద ఉన్న టెలిస్కోపుల స్థానాలు, అవి ఏడాదికి ఎటు ఎంత జరుగుతున్నాయన్న లెక్కలు. వీటితోపాటు ఒక్కొక్క సెషన్ (కొన్ని కేంద్రాలు కలిసి ఒక నిర్ణీత సమయం పాటు చేసే పరిశీలన) తాలూకు పరిశీలన దత్తాంశమంతా కూడా అందుబాటులో ఉంటుంది కనుక, ఓపిక ఉన్నవారు వండిన ఫలితాన్ని పక్కన పెట్టి, ముడిసరుకుతో తామే మొదటినుంచీ లెక్క కట్టుకోవచ్చు.

పద్ధతి సూత్రం చూడటానికి తేలిక, అమలుకు కష్టం. కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక క్వేజార్ నుంచి వచ్చే రేడియో రొద భూమి మీద రెండు టెలిస్కోపులను వేర్వేరు క్షణాల్లో తాకుతుంది. ఆధారరేఖ, అంటే ఆ రెండింటి మధ్య సూటి దూరం, ఆరు వేల కిలోమీటర్లు ఉంటే ఆ తేడా గరిష్ఠంగా సెకనులో యాభయ్యో వంతు. రెండు చోట్లా హైడ్రోజన్ మేజర్ అనే అతి నిలకడైన పరమాణు గడియారాల లెక్క ప్రకారం ఆ రొదను రికార్డు చేసి, రెండు రికార్డులనూ ఒక చోటికి చేర్చి, కోరిలేటర్ అనే యంత్రంలో ఒకదానిపై ఒకటి జరుపుతూ ఎక్కడ సరిపోలుతున్నాయో వెతుకుతారు. సరిపోలిన చోటే జాప్యం. పాత తరం వ్యవస్థలో ఈ జాప్యాన్ని సుమారు 30 పికోసెకండ్ల (పికోసెకండు అంటే సెకనులో లక్ష కోట్లో వంతు) ఖచ్చితత్వంతో కొలుస్తారు. ఒక పికోసెకండులో కాంతి 0.3 మిల్లీమీటరు మాత్రమే నడుస్తుంది కనుక, అది ఒక సెంటీమీటరుకు లోపు లెక్క. 1967లో కెనడాలోనూ అమెరికాలోనూ వేర్వేరు బృందాలు తొలిసారి ఈ పని చేసి చూపినప్పుడు రికార్డులు టేపుల మీద ఉండేవి. తరువాత డిస్కులు వచ్చాయి. ఇప్పుడు చాలాచోట్ల తీగల మీదుగా దత్తాంశం ప్రవహిస్తోంది. సూత్రం మాత్రం మారలేదు. వచ్చే సంకేతం ఎంత బలహీనమంటే, దాన్ని కొలిచే జాన్స్కీ అనే ప్రమాణం ఒక చదరపు మీటరుకు, ఒక హెర్ట్జుకు పదికి మైనస్ ఇరవై ఆరు ఘాతం వాట్లు. అనేక క్వేజార్లు ఆ ఒక్క జాన్స్కీకి కూడా తూగవు.

ఇక నేను ఈ సేవను ఎందుకు వదులుకోలేనో చెప్పే భాగానికి వస్తాను. అది యూటీ1. ఉపగ్రహ స్థాననిర్ణయ వ్యవస్థలు ఇంత విస్తారంగా ఉన్న రోజుల్లో, భూమి ఎంత తిరిగిందో అవే చెప్పలేవా అని చాలామంది అడుగుతారు. చెప్పలేవు. ఉపగ్రహాల కక్ష్యాతలాలన్నీ భూమి అక్షం చుట్టూ ఒక్కపెట్టున కొద్దిగా జరిగితే, దానికీ భూమి అంతే కోణం వెనక్కి తిరిగిన దానికీ మధ్య తేడాను భూమి మీది గ్రాహకాలు పట్టుకోలేవు. రంగులరాట్నంలో కూర్చున్నవాడు పక్కనే తిరుగుతున్న మరో రాట్నాన్ని చూసి తాను ఎంత తిరిగాడో చెప్పలేడు. కదలని దూరపు గుర్తు ఒకటి ఉండాలి. ఉపగ్రహాలు రోజు నిడివి ఎంతో, అంటే భ్రమణ వేగం ఎంతో బాగానే చెబుతాయి, కాని ఆ రోజులను ఒకదానిపై ఒకటి కూడుకుంటూ పోతే పొరపాటు కూడా కూడుతూ పోతుంది. కదలని గుర్తు క్వేజార్లే. ఈ పనికి వాటిని చూసేది వీఎల్‌బీఐ ఒక్కటే. ఖగోళ ధ్రువ సవరణల సంగతీ అంతే. ధ్రువచలనంలో మాత్రం ఉపగ్రహాలే మేలు, ఈ సంగతిని ఐవీఎస్ అభిమానులు కూడా ఒప్పుకోవాలి.

ఈ యూటీ1ను అందించే ఏర్పాటు రెండు అంచెలుగా ఉంటుంది. సోమవారం ఆర్1, గురువారం ఆర్4 అనే రెండు ఇరవైనాలుగు గంటల సెషన్లు 2002 నుంచి నడుస్తున్నాయి. వీటిలో అనేక కేంద్రాలు పాల్గొంటాయి, అన్ని రాశులూ ఒకేసారి తేలతాయి. వీటి మధ్య రోజుల ఖాళీని ఇంటెన్సివ్ అనే ఒక గంట సెషన్లు పూరిస్తాయి. హవాయి దీవుల్లోని కొకీ పార్క్, జర్మనీలోని వెట్జెల్ కలిసి వారపు రోజుల్లో దీన్ని నిర్వహిస్తాయి. వారాంతంలో వెట్జెల్‌కు ఏళ్ల తరబడి జపాన్ కేంద్రం తోడైంది. ఆధారరేఖ తూర్పు పడమరలుగా ఎంత సాగి ఉంటే యూటీ1 అంత బాగా తేలుతుంది కనుకే పది వేల కిలోమీటర్లకు పైబడిన ఈ జంటను ఎంచుకున్నారు. ఇంటెన్సివ్‌లో వచ్చే విలువకు 10 నుంచి 20 మైక్రోసెకండ్ల అనిశ్చితి ఉంటుంది, రోజంతా జరిగే సెషన్లలో అది కొన్ని మైక్రోసెకండ్లకు తగ్గుతుంది. భూమధ్యరేఖ దగ్గర భూతలం సెకనుకు 465 మీటర్లు కదులుతుంది కాబట్టి 10 మైక్రోసెకండ్లంటే నేల మీద అయిదు మిల్లీమీటర్ల లోపు.

ఇంత సన్నని లెక్క ఎవరికి కావాలని అడిగేవారికి గ్రహాంతర నౌకల సంగతి చెబితే చాలు. యూటీ1లో సెకనులో పదివేలో వంతు తప్పు దొర్లితే, పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న నౌక స్థానంలో కిలోమీటరుకు పైగా తేడా వస్తుంది. లీపు సెకండు, అంటే గడియారాలను భూభ్రమణంతో సరిపెట్టడానికి చేర్చే అదనపు సెకండు, ఎప్పుడు కలపాలో నిర్ణయించేదీ ఈ సంఖ్యే. 1972 నుంచి 2016 చివరి వరకు 27 లీపు సెకండ్లు కలిపారు. ఆ తరువాత ఒక్కటీ అవసరం కాలేదు, ఎందుకంటే భూమి ఇటీవలి ఏళ్లలో కొంచెం వేగం పుంజుకుంది. 2024 జులై 5న రోజు 86,400 సెకండ్ల కంటే సుమారు 1.66 మిల్లీసెకండ్లు తక్కువ నిడివితో ముగిసింది.

ఇక్కడే నా సొంత పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి, కొత్తగా వాడేవారికి అది పనికి వస్తుంది. మొదట్లో ఇంటెన్సివ్ ఫలితాలను నా దగ్గరున్న మరో నున్నటి శ్రేణితో పోల్చి చూస్తే, దాదాపు ఒక మిల్లీసెకండు ఎత్తున, పక్షానికొకసారి ఊగే తరంగం ఒకటి కనిపించింది. యాంటెన్నాల్లో లోపం ఉందనుకున్నాను, గడియారాలను అనుమానించాను, రెండు వారాలు వృథా చేశాను. తీరా చూస్తే నా శ్రేణిలోంచి చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్ల ప్రభావాన్ని ఎవరో ముందే తీసేశారు. ఐవీఎస్ ఫైలులో అది యథాతథంగా ఉంది. చంద్రుడు ఉత్తర దక్షిణాలకు ఊగుతున్నకొద్దీ భూమి ఆకారం కొద్దిగా మారి, భ్రమణం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. శుక్ల కృష్ణ పక్షాలు నా గ్రాఫులో అచ్చుపడి ఉంటే నేను యంత్రాల మీద నెపం వేశాను. ఏ ఫైలులో ఏ ప్రభావాన్ని తీశారో, ఏది ఉంచారో పైభాగపు వ్యాఖ్యల్లో చదివిన తరువాతే తీసివేతలకు దిగాలన్నది నేను నేర్చుకున్నది.

ఖగోళ ధ్రువ సవరణలు చాలామందికి అక్కరలేని నిలువు వరుసల్లా కనిపిస్తాయి, కాని నా దృష్టిలో ఈ సేవ ఇచ్చే సరుకులో అత్యంత రుచికరమైనవి అవే. 1980లో ఖగోళ సంఘం ఆమోదించిన అక్షవిచలన (అక్షం చిన్నగా ఊగే తీరు) సిద్ధాంతం ప్రకారం అక్షం ఎక్కడ ఉండాలో లెక్కించి, వీఎల్‌బీఐ చూపిన చోటుతో పోలిస్తే, ఏడాదికొక చుట్టు తిరిగే సుమారు 2 మిల్లీ ఆర్క్‌సెకండ్ల తేడా మిగిలింది (ఆర్క్‌సెకండు అంటే డిగ్రీలో 3,600వ వంతు). భూతలం మీద అది ఆరేడు సెంటీమీటర్లకు సమానం. గ్విన్, హెరింగ్, షపీరో అనే ముగ్గురు 1986లో దాని కారణాన్ని భూగర్భంలో వెతికారు. ద్రవరూపంలో ఉన్న బాహ్య కేంద్రకానికీ దాని పైనున్న ప్రావారానికీ (మాంటిల్) మధ్య సరిహద్దు, లోపలి పీడనాల లెక్క చెప్పినదాని కంటే ఎక్కువగా నొక్కుకొని ఉందనీ, ఆ అదనపు తేడా సుమారు అర కిలోమీటరు ఉంటుందనీ వారు తేల్చారు. ఆలోచించి చూస్తే విడ్డూరంగా ఉంటుంది: దాదాపు 2,900 కిలోమీటర్ల లోతున, ఏ బోరుబావీ చేరలేని చోట ఉన్న ఉపరితలపు అర కిలోమీటరు వంపును, విశ్వపు అంచుల నుంచి వచ్చిన రొదను పోల్చి కనిపెట్టారు. ఇప్పుడు వాడుకలో ఉన్న సిద్ధాంతం ఇలాంటి వీఎల్‌బీఐ కొలతలకు సరిపెట్టి తయారైనదే. అయినా ఒక శేషం మిగులుతూనే ఉంది. కేంద్రకపు స్వేచ్ఛా విచలనం అనే సుమారు 430 రోజుల ఊగిసలాట ముందుగా ఊహించడానికి లొంగదు. దాన్ని కొలుస్తూ పోవడమే దారి. అందుకే ఈ నిలువు వరుసలు ఎప్పటికీ సున్నా కావు, ఈ సేవ ఎప్పటికీ మూతపడటానికి వీల్లేదు.

ఆకాశ పట్టిక విషయంలో ఫిర్యాదు చేయడానికి పెద్దగా ఏమీ లేదు. అంతర్జాతీయ ఖగోళ నిర్దేశ చట్రం, అంటే ఐసీఆర్‌ఎఫ్, 1998 జనవరి 1న నక్షత్రాల మీద ఆధారపడిన పాత చట్రం స్థానాన్ని తీసుకుంది. అప్పట్లో దిక్కులను నిర్వచించే మూలాలు 212. రెండవ కూర్పులో 295 అయ్యాయి. ఇప్పుడు అమలులో ఉన్న మూడవ కూర్పును 2018 ఆగస్టులో వియన్నా సమావేశం ఆమోదించింది. 2019 జనవరి 1 నుంచి అది చలామణిలో ఉంది. ప్రధాన పౌనఃపున్యాల్లో 4,536 మూలాలు, వాటిలో నిర్వచనానికి ఎంచిన 303, అత్యుత్తమ స్థానాలకు 30 మైక్రో ఆర్క్‌సెకండ్ల స్థాయి విశ్వసనీయత: దాదాపు నలభై ఏళ్ల పరిశీలనల సారం ఇది. సౌరకుటుంబం పాలపుంత కేంద్రం చుట్టూ వంగి ప్రయాణించడం వల్ల క్వేజార్లు ఏడాదికి 5.8 మైక్రో ఆర్క్‌సెకండ్ల మేరకు జరుగుతున్నట్లు కనిపిస్తాయి. ఆ సవరణను కూడా ఈ కూర్పులో తొలిసారి లెక్కలోకి తీసుకున్నారు. గయా ఉపగ్రహం కంటికి కనిపించే కాంతిలో తయారు చేసిన చట్రాన్ని సైతం దీనికి అనుగుణంగానే తిప్పి నిలబెట్టారంటే, పెద్దరికం ఇంకా ఎవరిదో తెలుస్తుంది.

అయితే దూరపు కొండలు నునుపు అన్న సామెత క్వేజార్లకు అక్షరాలా వర్తిస్తుంది. మామూలు టెలిస్కోపుకు బిందువుల్లా కనిపించే ఈ వస్తువులు మిల్లీ ఆర్క్‌సెకండు స్థాయిలో చూస్తే బిందువులు కావు. వాటి నుంచి ప్రవాహాలు చిమ్ముతుంటాయి, వెలుగు కేంద్రం నెలల వ్యవధిలో అటూ ఇటూ జరుగుతుంది, ఒక పౌనఃపున్యంలో ఉన్న చోట మరో పౌనఃపున్యంలో ఉండదు. పట్టికలో స్థానం పక్కనున్న అనిశ్చితి ఈ చపలత్వాన్నంతా పూర్తిగా చెప్పదు. ఒకటి రెండు మూలాల మీదే ఆధారపడి ఏ నిర్ణయమైనా చేయదలచినవారు నిర్వచన మూలాల జాబితాకు కట్టుబడి ఉండటం మంచిది.

భూమి మీది స్థానాల భాగంలో ఈ సేవ చరిత్ర ఘనమైనది. అమెరికాలోని వెస్ట్‌ఫర్డ్‌కూ జర్మనీలోని వెట్జెల్‌కూ మధ్య సుమారు 5,998 కిలోమీటర్ల సూటి దూరం ఏడాదికి 17 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. ఖండాలు కదులుతున్నాయన్న మాటను పాఠ్యపుస్తకంలోంచి తీసి సరళరేఖగా కళ్లెదుట పెట్టే గ్రాఫు అది. సరళరేఖలు విరిగిన సందర్భాలు మరింత ఆలోచింపజేస్తాయి. 2010 ఫిబ్రవరి 27న వచ్చిన భూకంపంలో చిలీలోని కన్సెప్సియోన్ కేంద్రం సుమారు 3 మీటర్లు పడమరకు జరిగింది. 2011 మార్చి 11న జపాన్‌లోని త్సుకుబా టెలిస్కోపు అర మీటరుకు పైగా తూర్పుకు కదిలింది. త్సుకుబా అప్పట్లో ఇంటెన్సివ్ జంటలో ఒకటి. దాని స్థానం తెలియకపోతే యూటీ1 కూడా చెడుతుంది. భూకంపం ముగిసిన తరువాత కూడా నేల నెమ్మదిగా జారుతూ ఉండటం వల్ల ఆ కేంద్రానికి సరళరేఖ నమూనా పనికిరాకుండా పోయింది. స్వాల్‌బార్డ్ దీవుల్లోని న్యూ ఓలెసుండ్ కేంద్రం కింద మంచు కరిగి బరువు తగ్గుతున్నకొద్దీ నేల ఏడాదికి సుమారు 8 మిల్లీమీటర్లు పైకి లేస్తోంది. ఇక్కడా రేఖ సూటిగా ఉండదు, మంచు కరిగే తీరును బట్టి వంగుతుంది.

ఇప్పుడు అసలైన అభ్యంతరం. 2022లో వెలువడిన, భూమి మీది స్థానాలకు ప్రమాణమైన అంతర్జాతీయ భౌమ నిర్దేశ చట్రం, ఐటీఆర్‌ఎఫ్2020, తన కొలబద్ద నిడివిని వీఎల్‌బీఐ నుంచి, లేజరుతో ఉపగ్రహ దూరాన్ని కొలిచే పద్ధతి నుంచి తీసుకుంటుంది. కాని అందులో 2013 మూడవ త్రైమాసికం తరువాతి వీఎల్‌బీఐ దత్తాంశాన్ని కొలబద్ద నిర్ణయంలోంచి మినహాయించారు, ఎందుకంటే ఆ తరువాత వీఎల్‌బీఐ కొలబద్ద మెల్లగా పక్కకు జారుతున్నట్లు కనిపించింది. కొలబద్దను ఇచ్చే అధికారం ఉన్న సేవకు ఇది తల వంచుకోవలసిన సంగతి. యాంటెన్నాల సొంత బరువు వల్ల డిష్ వంగి, అది చూసే కోణాన్ని బట్టి దారి పొడవు కొన్ని మిల్లీమీటర్లు మారుతుందని చాలాకాలంగా తెలుసు. అన్ని టెలిస్కోపులకూ ఆ వంపును కొలిచి ఉండకపోవడం కూడా కొలబద్దలో పొరపాటుకు దారితీయవచ్చు. మొత్తం చట్రానికి నిర్దేశించుకున్న లక్ష్యం 1 మిల్లీమీటరు ఖచ్చితత్వం, ఏడాదికి 0.1 మిల్లీమీటరు స్థిరత్వం. ఈ విషయంలో నా తీర్పు: 2013కు ముందరి ఆధారరేఖలను నిశ్చింతగా వాడవచ్చు, ఆ తరువాతి నిలువు కదలికలను మరో పద్ధతితో సరిచూడకుండా వాడకూడదు.

సేవ కాలానికి అందుతుందా అన్నది తరువాతి ప్రశ్న. ఇంటెన్సివ్‌ల ఫలితం చాలావరకు ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. ఆర్1, ఆర్4 సెషన్లకు పదిహేను రోజుల గడువు లక్ష్యం. మిగిలిన పరిశోధన సెషన్లు నెలలు పట్టవచ్చు. దీనికి కారణం సోమరితనం కాదు, దూరం. అంటార్కిటికాలోని స్యోవా కేంద్రంలో రికార్డు చేసిన డిస్కులు ఏడాదికి ఒకసారి వెళ్లి వచ్చే మంచు ఓడలో తిరిగి వస్తాయి. ఆ కేంద్రం ఉన్న సెషన్ పూర్తి ఫలితం కావాలంటే ఓడ రేవు చేరేదాకా కాచుకోవలసిందే. సముద్రం మీద ప్రయాణిస్తున్న దత్తాంశాన్ని ఎవరూ తొందరపెట్టలేరు.

కేంద్రాల పంపిణీ ఇంకో బలహీనత. ఉత్తరార్ధగోళంలో యూరపు, జపాను, అమెరికా నిండుగా ఉంటే, దక్షిణాన కేంద్రాలు పలుచగా ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని హార్టెబీస్‌ట్‌హుక్ 26 మీటర్ల టెలిస్కోపు బేరింగు 2008లో చెడి, 2010 వరకు అది పక్కన ఉండిపోయినప్పుడు దక్షిణ ఆకాశపు పరిశీలనలకు ఎంత లోటు పడిందో చెప్పనక్కరలేదు. ఆస్ట్రేలియాలో హోబార్ట్, కాథరిన్, యర్రగడీ అనే మూడు 12 మీటర్ల యాంటెన్నాలు రావడం కొంత ఊరట. ఐసీఆర్‌ఎఫ్ పట్టికలో దక్షిణ మూలాల స్థానాలు ఉత్తరపు వాటికంటే తక్కువ ఖచ్చితంగా ఉండటానికి మూలం ఇక్కడే ఉంది. ఇదంతా పాల్గొనే సంస్థలు తమ సొంత డబ్బుతో, తమ ఇష్టప్రకారం కలిసి వచ్చి నడిపే ఏర్పాటు. ఐవీఎస్ ఎవరికీ జీతం ఇవ్వదు, ఎవరినీ శాసించలేదు. ఒక దేశంలో బడ్జెట్టు కుంచించుకుపోతే ప్రపంచపు యూటీ1లో అనిశ్చితి పెరుగుతుంది. ఉచితంగా అందుతున్న సేవను విమర్శించేటప్పుడు ఈ మాట మరచిపోవడం న్యాయం కాదు.

వాడుకకు ఎంత సులువు అంటే, సమాధానం మీరు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. భూభ్రమణ రాశుల ఫైళ్లు మామూలు అక్షరాల ఫైళ్లు. ఏ భాషలోనైనా పది పంక్తుల ప్రోగ్రాముతో చదువుకోవచ్చు. ముడి పరిశీలనల దగ్గరికి వస్తే మెట్లు నిటారుగా ఉంటాయి. పాత డేటాబేసు రూపం స్థానంలో ఇప్పుడు వీగోస్‌డీబీ అనే రూపం వచ్చింది; ఒక సెషన్ అంటే ఒక ఫైలు కాదు, జాప్యాలు, వాతావరణ పీడనం, కేబుల్ సవరణ, అస్పష్టతల పరిష్కారం వేర్వేరుగా ఉండే చిన్న ఫైళ్ల కట్ట. ఒకసారి అలవాటైతే ఈ విభజనే మేలనిపిస్తుంది, కాని మొదటి వారం ఎవరికైనా తల తిరుగుతుంది. లెక్క కట్టడానికి నాసా గొడార్డ్ కేంద్రపు న్యూసాల్వ్, వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయపు వీవ్స్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నేర్చుకునేవారికి నేను వీవ్స్‌నే సూచిస్తాను. దత్తాంశం అమెరికా, జర్మనీ, ఫ్రాన్సు కేంద్రాల్లో ఒకే విధంగా ఉంటుంది కనుక ఒకటి అందకపోతే మరొకటి అందుతుంది. ఏడాది పొడవునా ఏ రోజు ఏ కేంద్రాలు ఏ సెషన్‌లో ఉన్నాయో చెప్పే ప్రధాన పట్టిక ఈ సేవలో అందరికంటే తక్కువ పేరున్న, అందరికంటే ఎక్కువ పనికొచ్చే పత్రం.

కొత్త తరం సరుకు పేరు వీగోస్. పన్నెండు, పదమూడు మీటర్ల చిన్న యాంటెన్నాలు, సెకనుకు 12 డిగ్రీల వేగంతో తిరిగేవి, 2 నుంచి 14 గిగాహెర్ట్జుల వెడల్పులో ఏకకాలంలో వినేవి. ఆలోచన ఇది: జాప్యంలో పెద్ద పొరపాటు గాలిలోని తేమ నుంచే వస్తుంది, ఆ తేమ గంట గంటకూ మారుతుంది, దాన్ని పట్టుకోవాలంటే ఆకాశంలో నలువైపులా ఉన్న మూలాలను అర నిమిషానికొకటి చొప్పున చూస్తూ పోవాలి. పెద్ద యాంటెన్నా ఈ పరుగు తీయలేదు. లక్ష్యాలు పెద్దవే: జాప్యంలో 4 పికోసెకండ్లు, స్థానంలో 1 మిల్లీమీటరు, విరామం లేని పరిశీలన, ఇరవైనాలుగు గంటల్లోపు ఫలితం. నేను చూసిన మేరకు జాప్యం నిజంగానే మెరుగుపడింది. కాని విరామం లేకపోవడం, ఒక రోజులో ఫలితం అనే రెండు మాటలూ ఇంకా కాగితం మీదే ఉన్నాయి. సెకనుకు 8 గిగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే ఒక్కొక్క కేంద్రం నుంచి రోజుకు పదుల టెరాబైట్లు వస్తాయి. వాటిని కోరిలేటర్‌కు చేర్చడమే పెద్ద పని. ఇంకో చిక్కు ఆకాశంలోంచే వచ్చింది. ఇంటర్నెట్టు ఇచ్చే వేల ఉపగ్రహాలు 10.7 నుంచి 12.7 గిగాహెర్ట్జుల మధ్య నేలకు ప్రసారం చేస్తాయి, అది సరిగ్గా వీగోస్ వినే వెడల్పులోనే ఉంది. క్వేజార్ గుసగుసల మధ్య ఇది జాతర మైకు.

సలహా అడిగితే, స్థలం కొలతకు సెంటీమీటరు చాలనుకునే వారికి ఈ సేవతో పని లేదు. ఉపగ్రహ గ్రాహకం చాలు. కాలమానం, నౌకల గమనం, నక్షత్ర పట్టికలు, భూగర్భం, సముద్రమట్టం మీద పనిచేసేవారికి మాత్రం ఇది తప్పనిసరి, కొన్నిటికి ప్రత్యామ్నాయమే లేదు. వాడేటప్పుడు మొదట సంఖ్యను కాక దాని పక్కనున్న అనిశ్చితిని, ఆ సెషన్‌లో ఎన్ని కేంద్రాలు నిజంగా పనిచేశాయన్నదాన్ని చూడండి. ఎనిమిది కేంద్రాలు పేర్కొని అయిదింటితో ముగిసిన సెషన్లు తక్కువేమీ కాదు. ఒకే విశ్లేషణ కేంద్రపు ఫలితం కంటే, అనేక కేంద్రాల ఫలితాలను కలిపి ఇచ్చే సంయుక్త శ్రేణి నమ్మదగినది; కాని తాజా విలువలు కావాలంటే ఇంటెన్సివ్‌లే తీసుకొని, తరువాతి ఆర్1 సెషన్ ఫలితం వచ్చాక సరిచూసుకోవాలి.